ఇటుకలు పేర్చినట్టున్న హురూఫ్

పాల్వంచ దాటి భద్రాచలం దిక్కు పోతుంటే తునికాకు అడవి మొదలయ్యే చోట మా అమ్మీ పుట్టిల్లు ఉంది. ఊరి పేరు రాయడం లేదు. అక్కడ అందరూ ఒకరికొకరు రిష్తేదార్లే, పేరు రాస్తే రేపు దావత్‌లో నాకు కూర్చునే జాగా దొరకదు. కోయ గూడేల మధ్య మనవాళ్ల ఇళ్లు ఓ ముప్పై ఉంటాయి. చిన్న మస్జిద్. పోయినేడు వానలకు ముందటి గోడ కూలితే కొత్త దర్వాజా కట్టారు. కట్టేదాకా అందరూ ఒక్కటే. దాని మీద మస్జిద్ పేరు ఏ ఖత్‌లో రాయాలనే దగ్గర జమాత్ రెండుగా చీలింది.

నౌజవాన్లు ఫోన్‌లో ఒక నమూనా తెచ్చారు. మందంగా, నిటారుగా, ఎక్కడా వంపు లేకుండా, స్కేలు పెట్టి గీసినట్టు మూలలు తిరిగిన అక్షరాలు. దూరం నుంచి చూస్తే ఏదో నక్షా అనిపిస్తుంది. అసర్ నమాజ్ అయ్యాక బుజుర్గులు ఆ ఫోన్‌ను ఒకరి చేతి నుంచి ఒకరు తీసుకుని చూశారు. మా పెద్ద మామూ కళ్లద్దాలు పైకి జరిపి, "యే క్యా హై బావా? ఈంటాఁ జమాయే సరీకా దిక్‌రా" అన్నారు. ఇటుకలు పేర్చినట్టుంది, ఇది మన ఖత్ ఎట్లయితది అని.

"మామూ, దుబాయ్‌ల అన్ని బోర్డులూ ఇట్లనే ఉంటయి" అన్నాడు ఒక పిలగాడు. అది అనకుండా ఉంటే బాగుండేది. బుజుర్గుల ముందు దుబాయ్ పేరు తీసినవాడు సగం ముఖద్దమా ఓడిపోయినట్టే.

చివరికి ఫైసలా నా మీద పెట్టారు. "నువ్వు ఉర్దూ మీడియంల చదివినవు, తెలుగుల డిగ్రీ చేసినవు, పేపర్ల రాస్తవు. నువ్వే చెప్పు" అని. నాకు తెలిసింది కొంత, తర్వాత చదివి తెలుసుకున్నది కొంత. ఆ రోజు మస్జిద్ సహన్‌లో మాట్లాడింది తక్కువే, ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను.

ముందు ఖత్ అనే మాట. మన ఇళ్లలో ఖత్ అంటే ఉత్తరం. లెక్కల ఉస్తాద్ దగ్గర ఖత్ అంటే గీత. ఖుష్‌నవీసుల దగ్గర ఖత్ అంటే రాసే పద్ధతి. చిన్నప్పుడు మాకు బడిలో తఖ్తీ ఉండేది. చెక్కకు ముల్తానీ మట్టి పూసి, ఎండబెట్టి, వెదురు ఖలంతో అలిఫ్, బే రాసేవాళ్లం. ఖలం మొన ఏటవాలుగా కోస్తేనే అక్షరం ఒకచోట లావుగా, ఒకచోట సన్నగా పడుతుంది. మా ఉస్తాద్ రెండు ఖలాలు ఉంచేవారు. సన్నది ఖఫీ, వెడల్పుది జలీ. చదువుకునేది ఖఫీలో, దూరం నుంచి చూసేది జలీలో. తర్వాత పేపర్లో చేరాక హెడ్డింగుకు వేరే టైపు, మేటర్‌కు వేరే టైపు ఉండడం చూసి నాకేమీ కొత్తగా అనిపించలేదు. అది మా తఖ్తీ నాటి జలీ, ఖఫీ లెక్కే.

ఇక మామూ కాదన్న ఆ మూలల అక్షరం. దాని పేరు కూఫీ. ఇరాక్‌లోని కూఫా షహర్ పేరు మీద వచ్చింది. హిజ్రీ 17లో, అంటే 638లో, హజ్రత్ ఉమర్ ఖిలాఫత్ జమానాలో కట్టిన షహర్ అది. పేరు కూఫాదే గానీ ఈ రాత ఆ ఒక్క ఊరిదే కాదు, షామ్ నుంచి మగ్రిబ్ దాకా రాశారు. మొదటి మూడు సదీలలో చర్మం మీద రాసిన ఖుర్‌ఆన్ నుస్ఖాలు చాలా వరకు ఈ కుటుంబానికి చెందిన రాతలోనే ఉన్నాయి. నీలం రంగు అద్దిన చర్మం మీద బంగారంతో రాసిన నుస్ఖా ఒకటుంది, దాని వరకలు ఇప్పుడు దునియాలోని చాలా మ్యూజియంలలో చెదిరి ఉన్నాయి. చూడండి, ఎక్కడా గుండ్రంగా జారిపోయే అక్షరం ఉండదు. పునాది గీత మీద నిలబడి ఉంటుంది, గోడలాగా.

బైతుల్ మఖ్దిస్‌లోని ఖుబ్బతుస్ సఖ్రా తస్వీర్ మన ఇళ్లలో క్యాలెండర్ల మీద ఎన్నోసార్లు చూసి ఉంటాం. దాన్ని ఖలీఫా అబ్దుల్ మలిక్ కట్టించింది హిజ్రీ 72లో, 691-92 ప్రాంతంలో. లోపల గోడల పైభాగంలో దాదాపు 240 మీటర్ల పొడుగున బంగారు రంగు పచ్చీకారీలో ఆయతులు ఉన్నాయి. ఆ అక్షరాలు కూఫీ. అదే ఖలీఫా హిజ్రీ 77లో కొత్త దీనార్ కొట్టించాడు. అంతకు ముందు సిక్కాల మీద బాద్‌షాల బొమ్మలు ఉండేవి. ఆయన బొమ్మ తీసేసి రెండు వైపులా ఉట్టి అక్షరాలే పెట్టించాడు. అవీ కూఫీయే. దుబాయ్ బోర్డుల కంటే ఈ లిపి పదమూడు వందల ఏళ్లు పెద్దది. "మన ఖత్ కాదు" అన్నదే మన దగ్గరున్న చాలా పాత ఖత్‌లలో ఒకటి.

అయితే మామూ పూర్తిగా తప్పనీ అనలేం. ఈ ఖత్‌ను చదవడం ముష్కిల్. మొదట్లో దీనికి నుక్తాలు చాలా తక్కువ. నుక్తా లేకపోతే మధ్యలో వచ్చిన బే, తే, సే, నూన్, యే అన్నీ ఒకే పన్నులా కనిపిస్తాయి. అరబ్బులకు జబాన్ వచ్చు కాబట్టి అందాజాతో చదివేవారు. ఇస్లాం వేరే జబాన్ల వాళ్ల దగ్గరికి పోయే కొద్దీ గల్తీలు పెరిగాయి, ఏరాబ్ గుర్తులూ నుక్తాలూ పెట్టే రివాజు గట్టిపడింది.

బగ్దాద్‌లో ఇబ్న్ ముఖ్లా అనే ఖత్తాత్ ఉండేవాడు. ముగ్గురు అబ్బాసీ ఖలీఫాల దగ్గర వజీర్‌గా చేశాడు. ఖలం మొనతో పెట్టిన నుక్తాను కొలతగా తీసుకుని, అలిఫ్ ఎన్ని నుక్తాల పొడుగు, దాని మీద గీసిన దాయిరాలో మిగతా అక్షరాలు ఎంతెంత అని లెక్క కట్టాడు. గుండ్రటి ఖత్‌లకు అదే ఉసూల్ అయింది. దర్బార్ రాజకీయాలలో చిక్కుకుని కుడి చెయ్యి నరికించుకుని, 940లో ఖైదులోనే చనిపోయాడు. ఆయన లెక్క మాత్రం బతికింది. ఆ తర్వాత రెండు మూడు సదీలలో ముస్‌హఫ్‌లు నస్ఖ్‌లోకి, అలాంటి గుండ్రటి ఖత్‌లలోకి మారిపోయాయి.

మరి కూఫీ ఎక్కడికి పోయింది? నాకు అన్నిటికంటే దిల్‌చస్ప్ అనిపించిన విషయం ఇదే. అది చదివే చోటు నుంచి తప్పుకుని చూసే చోటుకి పోయింది. ఆయతులు నస్ఖ్‌లో రాసి, సూరా పేరు మాత్రం కూఫీలో రాసేవాళ్లు. అంటే హెడ్డింగు. పేపర్ భాషలో చెప్పాలంటే బాడీ టైపు మారింది, బ్యానర్ టైపు అదే ఉండిపోయింది. కాగితం మీద శీర్షికగా, గోడ మీద అలంకారంగా అది ఇంకా కొన్ని సదీలు నడిచింది.

గోడ అన్నాను కదా, మామూ ఇటుకల మాట ఇక్కడ గుర్తుకొస్తుంది. ఇరాన్, తూరాన్ వైపు రాయి తక్కువ, ఇటుక ఎక్కువ. అక్కడి మిస్త్రీలు రంగు పూసిన ఇటుకలను, మామూలు ఇటుకలను పక్కపక్కనే పేర్చి గోడలోనే అల్లాహ్, ముహమ్మద్, అలీ పేర్లు కట్టేవారు. ఇటుకకు వంపు ఉండదు కాబట్టి అక్షరానికీ వంపు పోయింది. మొత్తం గళ్ల లెక్క. దానికి బన్నాయీ అని పేరు. బన్నా అంటే ఇల్లు కట్టేవాడు, రాజ్‌మిస్త్రీ. సమర్ఖంద్‌లో తైమూర్ మఖ్బరా గోర్-ఎ-అమీర్ గోడల మీద, ఇస్ఫహాన్ జామె మస్జిద్‌లో ఇలాంటి పని ఉంది. మామూ ఎగతాళిగా అన్నారు గానీ అది తారీఖీ హఖీఖత్. ఇటుకలు పేర్చినట్టు ఉండటం కాదు, అవి ఇటుకలు పేర్చిన అక్షరాలే.

హిందుస్తాన్‌కు కూడా వచ్చింది. దిల్లీలో కుతుబ్ మీనార్ దగ్గర ఇల్తుత్మిష్ మఖ్బరా లోపలి గోడలు చూడండి, రాతిలో చెక్కిన కూఫీ కనిపిస్తుంది. అజ్మీర్‌లో అఢాయీ దిన్ కా ఝోంప్డా ముఖద్వారం మీదా ఉంది. అవి పదమూడో సదీ మొదటి భాగం నాటివి. తర్వాత తర్వాత తగ్గిపోయింది. మన దక్కన్‌కు వచ్చేసరికి సుల్స్, నస్ఖ్, తుగ్రా, ఆపైన నస్తలీఖ్‌లదే రాజ్యం. గోల్కొండలో కుతుబ్‌షాహీ గుంబదుల మీద కత్బాలు చదివితే తెలుస్తుంది. దఫ్తర్ కాగితాలలో శికస్తా నడిచింది. శికస్తా అంటే విరిగింది అని మానా. అక్షరాలు ఒకదాని మీదొకటి పడి పరుగెత్తుతుంటాయి, నిటారు కూఫీకి పూర్తి ఉల్టా.

మా ఇలాఖాకూ ఆ దఫ్తర్‌కూ తాల్లుఖ్ ఉంది. నేలకొండపల్లిలో పుట్టిన కంచర్ల గోపన్న, అంటే భద్రాచల రామదాసు, ఈ పాల్వంచ పరగణాకే తహసీల్దార్. కొలువు అబుల్ హసన్ తానాషా దగ్గర. ఖజానా రూపాయి, గుడి, గోల్కొండ ఖైదు, ఆ కిస్సా తెలుగు వాళ్లందరికీ తెలిసిందే. కల్యాణానికి సర్కారు ముత్యాల తలంబ్రాలు పంపే రివాజు తానాషా నాటిదని ఇక్కడి వాళ్లు చెప్పుకుంటారు. నాకు నచ్చే సంగతి ఇంకొకటి. కుతుబ్‌షాహీ ఫర్మాన్లు కొన్ని ఒకే కాగితం మీద పైన ఫార్సీలో, కింద తెలుగులో ఉన్నాయి. కుడి నుంచి ఎడమకు పోయే ఖలం, ఎడమ నుంచి కుడికి వచ్చే ఖలం ఒకే వరఖ్ మీద.

తర్వాత గోదావరి మా దగ్గర లిపులకు కూడా సరిహద్దు అయింది. 1860లో నిజాం భద్రాచలం వైపు ముల్కును అంగ్రేజులకు ఇచ్చేశాడు. కొన్నాళ్లు సెంట్రల్ ప్రావిన్సులలో ఉండి, 1874లో అది మద్రాసు కిందికి పోయింది. దర్యాకు ఈవల బూర్గంపాడు, పాల్వంచ నిజాంవి. ఈవల సర్కారీ జబాన్ మొదట ఫార్సీ, 1880ల నుంచి ఉర్దూ. ఆవల ఇంగ్లీషు, తెలుగు. తిరునాళ్లకు పడవ దాటిన మనిషి ఒక్క పూటలో రెండు సర్కార్ల అక్షరాలు చూసేవాడన్న మాట. 1953లో ఖమ్మం జిల్లా అయింది, 1959లో భద్రాచలం ఈ జిల్లాలో కలిసింది, 1965లో గోదావరి మీద పుల్ వచ్చింది. 2014లో మళ్లీ గీత మారి, ఏడు మండలాల ఊళ్లు ఆంధ్రప్రదేశ్‌కు పోయాయి. మా బంధువులలో సగం మంది రేషన్ కార్డు రాష్ట్రం మారింది.

ఈ మార్పులన్నిటిలో ఉర్దూ అక్షరం మాత్రం గోడల మీద నుంచి మెల్లగా జారుకుంది. కొత్తవాళ్లకు తెలియని సంగతి ఒకటి చెప్తాను. ఉమ్మడి రాష్ట్రంలో ఉర్దూకు రెండో సర్కారీ జబాన్ హోదా జిల్లా వారీగా, ముస్లిం ఆబాదీ లెక్కన ఇచ్చారు. తెలంగాణ పది జిల్లాలలో తొమ్మిదింటికి వచ్చింది, ఒక్క ఖమ్మానికి రాలేదు. మన ఆబాదీ తక్కువ. 2017 నవంబర్‌లో రాష్ట్రం మొత్తాన్నీ ఒక్కటిగా తీసుకుని ఖానూన్ మార్చాక మాకూ వచ్చింది. హైదరాబాద్ దోస్తులకు బోర్డు మీద ఉర్దూ చిన్నప్పటి నుంచీ మామూలు. నాకు జిల్లాలో సర్కారీ దఫ్తర్ ముందు ఉర్దూ బోర్డు కనిపిస్తే ఇప్పటికీ బండి ఆపబుద్ధవుతుంది.

హోదా వచ్చింది గానీ చదివేవాళ్లు ఏరీ? అసలు దర్ద్ ఇక్కడుంది. నాలుగైదేళ్ల కింద మా వైపే ఒక జల్సా జరిగింది. పెద్ద ఫ్లెక్సీ వేయించారు. పైన ఉర్దూ, కింద తెలుగు. ఉర్దూ, అరబీలలో అక్షరాలు ఒకదానికొకటి చేతులు పట్టుకుని నడుస్తాయి. కంప్యూటర్‌లో ఆ లిపికి సరైన సాఫ్ట్‌వేర్ లేకపోతే ఆ చేతులు విడిపోతాయి. ఆ ఫ్లెక్సీలో అదే అయింది. రసూలుల్లాహ్ ముబారక్ నామ్‌లోని మీమ్, హే, మీమ్, దాల్ దేనికది వేరుగా, అదీ ఎడమ నుంచి కుడికి. చదివితే ఏ మాటా కాదు. రెండు రోజులు ఆ ఫ్లెక్సీ కింద నుంచి వందల మంది పోయారు, సెల్ఫీలు దిగారు, ఒక్కరికీ తెలియలేదు. నేనూ మొదటి రోజు సాయంత్రం దాని కింది నుంచే పోయాను. అక్షరాలు పెద్దగా, బంగారు రంగులో ఉన్నాయి కాబట్టి కళ్లు చూశాయి, చదవలేదు.

పట్టుకున్నది సింగరేణి గనిలో పని చేసి రిటైరైన ఒక చాచా. ఎనభై దాటిన మనిషి. నన్ను పక్కకు పిలిచి, మెల్లగా, "బేటా, ఉస్కు ఉతారో. కోయీ దేఖే సో పహ్లే" అన్నారు. దించెయ్, ఎవరైనా చూడకముందే అని. అందరూ చూసేశారు చాచా, చదవలేదంతే అని నోటి దాకా వచ్చి ఆగిపోయింది. ఇద్దరం పిల్లలను పిలిచి దించి మడత పెట్టాం. మడత పెడుతున్నప్పుడు ఆయన ఆ పేరున్న భాగం కాళ్ల కింద పడకుండా లోపలికి తిప్పి పట్టుకున్నారు.

అందుకే నౌజవాన్ల ఫోన్‌లో ఆ నమూనా చూసినప్పుడు నాకు మొదట కలిగింది ఖుషీ కాదు, ఖౌఫ్. చదవడం వచ్చినవాళ్లకే కష్టమైన ఖత్‌ను, చదవడం రానివాళ్లు దర్వాజా మీద ఎక్కిస్తే ఏమవుతుందో అని.

తెలుగు చదివినవాడిని కాబట్టి ఆ వైపు నుంచి కూడా ఒక మాట. మామూ అన్నట్టు మూలల అక్షరం మనది కాదనే మాట తెలుగువాళ్లూ అంటారు. తెలుగు అంటే గుండ్రన, ముత్యాల్లాంటి అక్షరాలు అని. తాటాకు మీద గంటంతో అడ్డంగా నిటారు గీత గీస్తే ఆకు ఈనె వెంట చీలుతుంది, అందుకే మన లిపి గుండ్రబడిందని పండితులు చెప్తారు. కానీ తాటాకు రాతకు చాలా ముందు, కర్నూలు వైపు ఎర్రగుడి బండల మీద అశోకుడు చెక్కించిన బ్రాహ్మీ చూడండి. క అంటే కూడిక గుర్తు. గ అంటే గుడిసె కప్పులా రెండు వాలు గీతలు. తలకట్టు లేదు, లావు సన్నం లేదు, అంతా ఒకే మందం. తెలుగు కూడా మూలల నుంచే మొదలైంది. రాయి మీద ఒక రూపం, ఆకు మీద ఒక రూపం. ఇటుక మీద ఒక రూపం, వెదురు ఖలంతో ఒక రూపం. సామాను మారితే హురూఫ్ మారతాయి.

అంగ్రేజీలో ఈ కథ చాలా ఆలస్యంగా నడిచింది. చివరలకు తోకలు లేని, ఒకే మందం ఉన్న అచ్చు అక్షరాన్ని లండన్‌లో నాలుగో విలియం కాస్లన్ 1816లో చూపించాడు. దానికి పెట్టిన పేరు ఈజిప్షియన్. అందులో మిస్ర్‌ది ఏమీ లేదు, ఆ రోజుల్లో అక్కడ ఆ ముల్కు పేరు ఫ్యాషన్. పోస్టర్లకూ దుకాణాల బోర్డులకూ అది పాకిపోయింది. తెలుగులో ఆ పని మాకు గోడల మీద జరిగింది. ఖమ్మంలో పుట్టినవాడికి ఎర్ర రంగు నినాదాల గోడ తెలియకుండా ఉండదు. సున్నం దారంతో పైనా కిందా రెండు గీతలు కొట్టి, చదును బ్రష్షుతో మధ్యలో నింపేవాళ్లు. ఆ రెండు గీతల మధ్య సున్నా కూడా చతురస్రం అయ్యేది. ఇప్పుడు కంప్యూటర్‌లో చతుర అనే తెలుగు ఫాంట్ ఉంది, ఐదు మందాలలో ముఫ్త్‌గా దొరుకుతుంది. ఇరుకుగా, నిలువుగా ఉండే దాని అక్షరాలు చూసినప్పుడు నాకు మా వీధి గోడ యాదికొస్తుంది.

ఉర్దూకు కంప్యూటర్ రావడం అంత సులువుగా జరగలేదు. నస్తలీఖ్ ఏటవాలుగా పైనుంచి కిందికి దిగుతుంది, సీసం అచ్చులలో ఒదగదు. హైదరాబాద్ సర్కారు కూడా నస్తలీఖ్ టైపు పోయించాలని కోషిష్ చేసింది. చివరికి కాతిబులే చేత్తో రాసి లిథో మీద అచ్చు వేస్తూ వచ్చారు. 1981లో మీర్జా అహ్మద్ జమీల్ నూరీ నస్తలీఖ్ తయారు చేసేదాకా అదే హాలత్. ఆయన దాదాపు 20,000 అక్షరాల జోడింపులను ఒక్కొక్కటిగా గీశాడు. కూఫీకి ఈ తక్లీఫ్ లేదు. గళ్లలో ఒదిగే లిపి కాబట్టి తెర మీద సులువుగా కూర్చుంది. ఇరాన్ జెండాలో ఆకుపచ్చ, ఎరుపు పట్టీల అంచున 22 సార్లు రాసి ఉన్న తక్బీర్ కూఫీయే. ఇరాక్ జెండా మీద తక్బీర్‌ను 2004లో కూఫీలోకి మార్చారు. నౌజవాన్ల ఫోన్‌లోకి అది వచ్చిన రాస్తా ఇదే.

నేను చెప్పిన ఫైసలా ఇది: పైన పెద్దగా కూఫీ, జలీలో. కింద అదే పేరు నస్తలీఖ్‌లో, పిల్లలు కూడబలుక్కుని చదివేటట్టు నుక్తాలన్నీ పెట్టి. దాని కింద తెలుగు. సూరా పేరు ఒక ఖత్‌లో, ఆయత్ ఒక ఖత్‌లో రాసినట్టే. ఫ్లెక్సీ మాత్రం నక్కో. మామూ వెంటనే ఒప్పుకోలేదు. సమర్ఖంద్ గోడ ఫోటో చూపించాక, "అంటే నేనన్నది నిజమే కదా, ఇటుకలే" అని ఒకటికి రెండుసార్లు అందరికీ చెప్పి, గెలిచినట్టుగా ఒప్పుకున్నారు.

రంగుతో కాకుండా చిన్న టైల్స్ ముక్కలతో చేద్దామని ఒక పిలగాడు అన్నాడు. గళ్ల కాగితం మీద ఒక్కో గడిని పెన్సిల్‌తో నింపి మేస్త్రీ చేతికిచ్చాం. మేస్త్రీ పక్క గూడెం కోయ అతను, ఈ లిపి ఎన్నడూ చూసినవాడు కాదు. కాగితాన్ని గోడకు ఆనించి, కింది నుంచి వరసలు లెక్కపెట్టుకుంటూ నీలం ముక్కలు, తెల్ల ముక్కలు అతికించుకుంటూ పోయాడు. "సారూ, ఈ మూల ఎటు తిరగాలె" అని రెండుసార్లు మాత్రమే అడిగాడు. సాయంత్రానికి పూర్తయింది. అందరం కింద నిలబడి చూస్తున్నాం, మాషా అల్లాహ్ అంటున్నాం, ఫోటోలు తీస్తున్నారు.

సింగరేణి చాచా కర్ర ఊతంగా వచ్చి, తల పైకెత్తి, కుడి నుంచి ఎడమకు నిదానంగా వేలు ఆడిస్తూ చదివారు. మస్జిద్ అన్న మాట దగ్గర వేలు ఆగింది.

"సీన్‌కు మూడు దందానాలుండాలె బేటా. రెండే ఉన్నయి."

కాగితం తీసి చూశాను. గడి నేనే నింపడం మర్చిపోయాను. సిమెంట్ ఇంకా పచ్చిగానే ఉంది. మేస్త్రీ మళ్లీ నిచ్చెన ఎక్కి, ఆ వరసలో ముక్కలు ఊడదీసి, మగ్రిబ్ అజాన్ లోపల మూడో పన్ను పెట్టాడు.